రెండు కొంకులు

సెత్ షార్రక్ టోపీని చేతుల్లో నలుపుతూ
నా కొట్టంలోకి వచ్చిన రోజు సన్నటి తుంపర.
సిగరెట్ పెట్టె అట్ట మీద
పెన్సిల్‌తో మూడు మాటలు రాసుకొచ్చాడు:
షి వర్ గ్రేడ్లీ.
"గింతే. పేరు, తారీకులు, గీ ముక్క.
ఇంకేం చెక్కకు."

గ్రేడ్లీ అంటే మా లాంకషైర్ లోయలో
నికార్సైంది, చేయి తిరిగింది.
రొట్టె సరిగ్గా పొంగినా గ్రేడ్లీయే,
మనిషి మాట మీద నిలబడ్డా గ్రేడ్లీయే.
రైలెక్కి నాలుగు స్టేషన్లు దాటితే చాలు
ఆ మాట టికెట్ లేని ప్రయాణికుడు.

పాస్టర్ పెల్లమ్ దక్షిణాది నుంచి వచ్చినవాడు.
అట్టను కళ్లద్దాల కింద నుంచి చూశాడు.
"ఏకవచనమునకు వాజ్ రావలెను గదా, వర్ కాదు.
రాయి శాశ్వతము.
తప్పును శాశ్వతము చేయుదుమా?"

నేను వాదించలేదు.
రాళ్లు కొట్టేవాడికి నోరు రెండో పనిముట్టు.
గొడుగు తీసి, ఉత్తరపు గోడ దాకా నడిపించాను.
ఇదిగో, పదిహేడు వందల ఆరు. ఒకే రాయి, ఒకే ఇల్లు:
తండ్రి షార్రక్, తల్లి షోరక్, పసిబిడ్డ షరాక్.
ముగ్గురూ ఒకే కుండలో గంజి తాగారు,
స్పెల్లింగ్ దిద్దుకోవడానికి ఒక్కరూ లేచి రాలేదు.

ఇదిగో, చూడొచ్చినవాళ్లు "యీ" అని చదివి నవ్వుకునే మాట.
అది యీ కాదండీ, ద.
ఆ చప్పుడుకు ఒకప్పుడు సొంత అక్షరం ఉండేది,
చేతిరాతలో అరిగి అరిగి
వై ముఖం తొడుక్కుంది.
మా తాత బడికి పోలేదు గానీ
ఈ సంగతి ఆయన ఉలికి తెలుసు.

ఇంకో రాయి మీద నాచు గోకాను బొటనవేలితో.
"ఇది చదవండి."
పెల్లమ్ ఎక్కే వేదికే ఎక్కిన పాత పాస్టరు
భార్య సమాధి మీద, లాటిన్ పక్కనే, చెక్కించుకున్నాడు:
యూ వాజ్ మై లైట్.
యూ పక్కన వాజ్! అదీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన నోరు.
అప్పట్లో పట్టుబట్టల వాళ్లూ అలా అనేవాళ్లే.
తర్వాతెవరో వ్యాకరణ పుస్తకంలో గీత గీశారు,
గీత అవతల నిలబడి ఉన్నవాళ్లు
కదలకుండానే మొరటువాళ్లయ్యారు.

పెల్లమ్ చాలాసేపు తడిశాడు.
గొడుగు నా దగ్గరే ఉండిపోయిందని
ఇద్దరికీ గుర్తు లేదు.

ఎస్తర్‌ని నేనెరుగుదును. ముప్పై ఎనిమిదేళ్లు మగ్గాల షెడ్డు.
ఆ మోతలో గొంతు దండగ.
పెదాలు సాగదీసి, ఈ చివర నుంచి ఆ చివరికి
పురుళ్లూ అప్పులూ పెళ్లి సంబంధాలూ
చప్పుడు లేకుండా చేరవేసుకునేవాళ్లు.
ఉచ్చారణ తప్పుపట్టే నాథుడు లేని భాష అది.
మిల్లు మూసేశాక కూడా, రొట్టెల కొట్లో
ఆమె మాట కంటే ముందు మూతి వచ్చేది.

పై ఆఫీసు నుంచి పదకొండు వారాలకు జవాబు:
అనుమతించడమైనది,
కొటేషన్ గుర్తుల మధ్య మాత్రమే.
అంటే, చర్చి ఈ మాటను
చిమటాతో పట్టుకుంటుందన్నమాట.

సెత్ నమూనా కాగితం చాలాసేపు చూశాడు.
"గీ కొంకులేంది?
నలభై ఆరేండ్లు మాట్లాడింది నాతోని,
గివి నేనెన్నడు ఇనలే."

అక్షరాలను గోరు మునిగేంత లోతు దించాను.
వర్ దగ్గర ఇంకో రవ్వ ఎక్కువే.
కొంకుల్ని మాత్రం సుత్తి తాకకుండా
ఉలి బరువుతోనే గీశాను.
మా ఇసుకరాయి సంగతి నాకు తెలుసు,
ఇక్కడ వాన పడమటి నుంచి ముఖం మీదే కొడుతుంది.
ముప్పై ఏళ్లు. మహా అయితే నలభై.

సెత్‌తో చెప్పలేదు.
రాయి నిలబెట్టిన రోజు పెల్లమ్ వంగి
కొంకుల్ని వేలితో తడిమాడు.
"పైపైన ఉన్నవి సుమా" అన్నాడు,
వేలికంటిన పొడిని కోటుకు తుడుచుకుని
టీకి రమ్మన్నాడు.